వేలి మీద 70, తెర మీద 140

ప్రశ్న: మాస్టారూ, నేను డిప్లొమా ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆర్డ్వినో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు), పల్స్ సెన్సర్, 16×2 ఎల్‌సీడీతో గుండె వేగం చూపే పరికరం చేస్తున్నాను. కోడ్ మా సీనియర్ ఇచ్చింది. సెన్సర్ రీడింగ్ 550 దాటిన ప్రతిసారీ ఒక బీట్‌గా లెక్కపెడుతుంది. మొదట 5 వోల్టులకు కలిపితే నాకు 140 దాకా చూపించింది. చేత్తో లెక్కపెట్టుకుంటే 70 వస్తోంది. వేలు పెట్టకపోయినా ఏదో అంకె వస్తుంది. 3.3 వోల్టులకు కలిపితే నాయిస్ (సిగ్నల్‌లో కలిసే గోల) తగ్గుతుందని ఫ్రెండ్ చెబితే మార్చాను, ఇప్పుడు అసలు బీటే పట్టడం లేదు. బీట్‌కొకసారి మోగాలని బజర్‌కి టోన్ ఫంక్షన్ రాస్తే ‘మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ వెక్టర్ 7’ అని ఎర్రర్ వస్తోంది. ఇవన్నీ ఒక ఎత్తు. 5 వోల్టుల మీద ఉన్నప్పుడు మా నానమ్మ వేలు పెట్టి చూస్తే ఒకసారి 48, ఇంకోసారి 122 వచ్చింది. ఆవిడకు బీపీ ఉంది. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. తప్పు సెన్సర్‌లో ఉందా, కోడ్‌లో ఉందా, నానమ్మ గుండెలోనే ఉందా?

జవాబు: అమ్మా, ముందు నానమ్మ సంగతి చూద్దాం. ప్రాజెక్టు ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు.

పరికరాన్ని పక్కన పెట్టి, నానమ్మను కుర్చీలో ఐదు నిమిషాలు నిశ్చింతగా కూర్చోబెట్టు. బొటనవేలు మొదలయ్యే వైపు మణికట్టు మీద నీ చూపుడు వేలు, నడిమి వేలు ఆనించి నాడి చూడు. నీ బొటనవేలు వాడొద్దు, దానిలో కొట్టుకునే నీ నాడే నీకు తగులుతుంది. గోడ గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఇక్కడ వద్దు. ఎందుకంటే నువ్వు చూడాల్సింది అంకె ఒక్కటే కాదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒకేలా ఉందా అన్నది కూడా. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్ళకు నిమిషానికి 60 నుంచి 100 మధ్య మామూలు. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మందులు వాడేవాళ్ళకు ఇంకొంచెం తక్కువ ఉండొచ్చు, ఆ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. నీ ఎల్‌సీడీ మీద అంకె చూసి ఆవిడ మాత్ర ఆపడం, మార్చడం మాత్రం ఎవరూ చేయకండి.

నాడి చేతికి నింపాదిగా, సమంగా తగిలితే ఆ 48, 122 మన పరికరం తప్పులే. చేతికి కూడా దెబ్బలు తప్పిపోతున్నట్టో, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా పడుతున్నట్టో అనిపిస్తే ఆ వారంలోనే డాక్టరుకు చూపించి ఈసీజీ తీయించండి. లయ తప్పిందో లేదో తేల్చాల్సింది ఈసీజీయే, మన సెన్సర్ కాదు. గుండెల్లో నొప్పి, ఊపిరి అందకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం వారం కాదు, ఆ నిమిషంలోనే 108కి ఫోన్ చేయాలి.

ఇక పరికరం. నీ ఉత్తరం మొత్తంలో అంకెలున్నాయి, అల గురించి ఒక్క మాట లేదు. 140, 48, 122 అని రాశావు కానీ ఆ సెన్సర్ నుంచి వస్తున్న సిగ్నల్ ఏ ఆకారంలో ఉందో రాయలేదు. ల్యాబ్‌లో ఇన్నేళ్ళుగా నా దగ్గరికి ఈ ప్రాజెక్టు పట్టుకొచ్చిన పిల్లల్లో చాలామందిది ఇదే దారి. అంకె తప్పొస్తే కోడ్ మారుస్తారు, అదీ కాకపోతే కొత్త సెన్సర్ కొంటారు. అంకె అనేది చిట్టచివర పుట్టేది. దాని వెనుక అల సరిగా లేనప్పుడు ఏ కోడ్ రాసినా లాభం లేదు.

అందుకే ఎల్‌సీడీని, బజర్‌ని పీకేయి. సెన్సర్ సిగ్నల్‌ని ఏ0 పిన్‌కి పెట్టి, రీడింగ్ మాత్రమే పంపే చిన్న ప్రోగ్రామ్ రాసి, సీరియల్ ప్లాటర్ (రీడింగులను కంప్యూటర్ తెర మీద గీతగా గీసి చూపేది) తెరువు. రీడింగులు పంపే వేగం 115200 పెట్టు. 9600 పెడితే సెకనుకు 960 అక్షరాలే వెళ్తాయి. సెకనుకు 500 రీడింగులు, ఒక్కోదానికి మూడు అంకెలు, లైను చివర రెండు అక్షరాలు వేసుకుంటే 2500 కావాలి. అక్కడే ఇరుక్కుపోతుంది.

సెన్సర్ పెట్టే ముందు పిన్‌ని పరీక్షించు. ఏ0 నుంచి ఒక జంపర్ వైరు గ్రౌండ్‌కి పెడితే 0 రావాలి. అదే వైరు 3.3 వోల్టుల పిన్‌కి పెడితే 675 దగ్గర రావాలి, ఎందుకంటే ఊనో 5 వోల్టులను 1023 భాగాలుగా చూస్తుంది. యూఎస్‌బీ నుంచి వచ్చేది కచ్చితంగా 5 ఉండదు కాబట్టి పది ఇరవై తేడా వస్తే పట్టించుకోకు. అంకె ఊగులాడుతుంటే బ్రెడ్‌బోర్డ్‌లో వైరు వదులుగా ఉందన్నమాట. ఇప్పుడు సెన్సర్ పెట్టు. వైర్ల రంగు చూసి కలపొద్దు, ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటాయి. బోర్డు మీద ఎస్, ప్లస్, మైనస్ అని ఉన్న గుర్తులే చూసుకో.

ఈ సెన్సర్ చేసే పని ఇదీ. ఆకుపచ్చ ఎల్ఈడీ వెలుగు వేలి చర్మంలోకి వెళ్తుంది, పక్కనే ఉన్న చిన్న లైట్ సెన్సర్ తిరిగొచ్చిన వెలుగును కొలుస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడు వేలిలో రక్తం కాస్త ఎక్కువవుతుంది, తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ ‘కాస్త’ ఎంతో తెలుసా? మొత్తం వెలుగులో వందకు ఒకటో రెండో వంతులు. అంత చిన్న మార్పుని బోర్డు మీది ఆంప్లిఫయర్ పెద్దది చేసి, సరఫరా వోల్టేజీలో సగం దగ్గర నిలబెట్టి నీకిస్తుంది. నాడిని పెద్దది చేసినట్టే వేలి కదలికనూ, ట్యూబ్‌లైటునూ, గదిలో కరెంటు తీగల 50 హెర్ట్జ్ హమ్మునూ కూడా పెద్దవి చేస్తుంది. వేలు పెట్టకపోయినా అంకె రావడానికి కారణం ఇదే. దానిలో వింతేమీ లేదు.

‘సగం దగ్గర నిలబెట్టి’ అన్న మాట గుర్తుపెట్టుకో. నీ 3.3 వోల్టుల చిక్కు అంతా అక్కడే ఉంది. 5 వోల్టులు ఇచ్చినప్పుడు అల 2.5 వోల్టుల చుట్టూ, అంటే 512 చుట్టూ ఆడుతుంది. థ్రెషోల్డ్, అంటే దాటితే బీట్ అని లెక్కపెట్టే గీత, 550 దగ్గర ఉంది కాబట్టి దానికి కొంచెం పైన, సరైన చోటే ఉంది. సరఫరా 3.3కి మార్చావు. అల 1.65 వోల్టుల చుట్టూ, అంటే 338 చుట్టూ దిగిపోయింది. ఊనో మాత్రం ఇంకా 5 వోల్టుల కొలబద్దతోనే కొలుస్తోంది, నీ కోడ్ ఇంకా 550 దాటాలనే కాచుకుని కూర్చుంది. అల అక్కడిదాకా ఎక్కనే ఎక్కదు. సెన్సర్ బాగానే ఉందమ్మా, గీత ఎత్తులో ఉండిపోయింది.

నీ ఫ్రెండ్ చెప్పింది తప్పు కాదు. ఊనోలో 3.3 వోల్టులు వేరే రెగ్యులేటర్ నుంచి వస్తాయి కాబట్టి లాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటు కన్నా శుభ్రంగా ఉండొచ్చు. అలాగే ఉంచాలనుకుంటే థ్రెషోల్డ్‌ని 360 ప్రాంతానికి దించి, ప్లాటర్‌లో అల చూసి సర్దుకో. ఏరెఫ్ (కొలతకు ఆధారమైన వోల్టేజీ ఇచ్చే) పిన్‌కి 3.3 కలిపి కొలబద్దనే మార్చడం రెండో దారి. అది చేస్తే మాత్రం ఎనలాగ్‌రీడ్ కన్నా ముందే ఎనలాగ్‌రిఫరెన్స్‌ని ఎక్స్‌టర్నల్ చేసి తీరాలి, లేకపోతే లోపలి రిఫరెన్స్ బయటి వోల్టేజీతో షార్ట్ అయి చిప్ దెబ్బతినే ప్రమాదం ఉంది. నా మాట వింటే 5కే తిరిగి వెళ్ళు. సెన్సర్ ప్లస్, మైనస్‌ల మధ్య దగ్గరగా ఒక 100 నానోఫారడ్, ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెడితే చాలావరకు శుభ్రపడుతుంది.

ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డు మీద ఇదే ప్రాజెక్టు చేసే నీ క్లాస్‌మేట్లకు ఇదే జబ్బు తిరగేసి వస్తుంది. దాని కొలత 0 నుంచి 4095 దాకా, అల 2048 చుట్టూ ఉంటుంది. 550 గీత ఎప్పుడూ అల కింద మునిగే ఉంటుంది. వాళ్ళు సెన్సర్‌కి 3.3 వోల్టులే ఇవ్వాలి. వైఫై వాడుతుంటే సిగ్నల్‌ని 32 నుంచి 39 వరకు ఉన్న పిన్‌లలోనే ఒకదానికి పెట్టాలి, మిగతా ఎనలాగ్ పిన్‌లు వైఫై నడుస్తుండగా పనిచేయవు.

ఇప్పుడు 140 గురించి. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన వాక్యం ‘చేత్తో లెక్కపెట్టుకుంటే 70’ అన్నది. ఆ ఒక్కటీ నువ్వు రాయకపోతే నేను గుడ్డిగా వెతకాల్సి వచ్చేది. సరిగ్గా రెట్టింపు రావడం నాయిస్ లక్షణం కాదు. నాయిస్ అయితే 95, 160, 210 అని ఎటు పడితే అటు పోతుంది. రెట్టింపు అంటే దానికో క్రమం ఉంది, దొరుకుతుంది.

వేలి మీద నాడి అల ఒక్క మెట్టుగా ఉండదు. గుండె కొట్టగానే నిటారుగా ఎక్కుతుంది, దిగుతూ మధ్యలో చిన్న పల్లం పడి, మళ్ళీ చిన్న బొడిపె కట్టి, అప్పుడు పూర్తిగా దిగుతుంది. బృహద్ధమని కవాటం మూసుకునే సమయానికి పడే ఆ పల్లాన్ని డైక్రోటిక్ నాచ్ అంటారు. రక్తనాళాలు మెత్తగా ఉండే వయసులో ఇది స్పష్టంగా కనిపిస్తుంది, నాళాలు గట్టిపడే కొద్దీ చెరిగిపోతుంది. నీ వయసులో బాగా కనబడాల్సిందే. నీ కోడ్ పెద్ద శిఖరం 550 దాటినప్పుడు ఒకటి అంటుంది, 300 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఆ బొడిపె మళ్ళీ 550 దాటగానే రెండు అంటుంది. గుండె కొట్టింది ఒకసారే.

ఇది నా ఊహ మాత్రమే కావచ్చు కాబట్టి నువ్వే తేల్చుకో. బీట్ దొరికినప్పుడల్లా 13వ పిన్ ఎల్ఈడీ వెలిగేలా పెట్టి, ఒక చేతి వేలు సెన్సర్ మీద ఉంచి, పక్కనున్న వాళ్ళను నీ రెండో చేతి నాడి పట్టుకోమను. వాళ్ళు ఒకసారి అనే లోపు ఎల్ఈడీ రెండుసార్లు వెలిగితే తప్పు ఈ బొడిపెదే. ఎల్ఈడీ ఒక్కసారే వెలుగుతున్నా అంకె రెట్టింపు వస్తుంటే తప్పు సమయం లెక్కలో ఉంది. ఆ రెండోది ఊనోలో రాదు కానీ 8 మెగాహెర్ట్జ్ మీద నడిచే 3.3 వోల్టుల ప్రో మినీ బోర్డు వాడేవాళ్ళకు తరచూ వస్తుంది. ఈ కోడ్‌లో టైమర్ 16 మెగాహెర్ట్జ్‌కి లెక్కకట్టి ఉంటుంది. వేగం సగమైన బోర్డులో 2 మిల్లీసెకన్లకు రావాల్సిన ఇంటరప్ట్ (జరుగుతున్న పని ఆపి రీడింగ్ తీసుకోమనే టైమర్ పిలుపు) 4కి వస్తుంది, కోడ్ మాత్రం 2 అనే కూడుకుంటూ పోతుంది, గుండె వేగం రెట్టింపై కూర్చుంటుంది. ఒక కుర్రాడు దీనికోసం మూడు సెన్సర్లు మార్చి నా దగ్గరికొచ్చాడు. ఎల్ఈడీ వైపు చూశాక పది నిమిషాల్లో తేలిపోయింది.

బొడిపెకు మందు ఏమిటంటే, ఒక బీట్ దొరికాక కొంతసేపు కోడ్ కళ్ళు మూసుకోవాలి. ఎంతసేపు? గడిచిన రెండు బీట్ల మధ్య సమయంలో ఐదింట మూడు వంతులు. నిమిషానికి 70 అంటే ఎడం 857 మిల్లీసెకన్లు, అందులో ఐదింట మూడు వంతులు 514. బొడిపె ఈలోగా వచ్చి వెళ్ళిపోతుంది. కొందరు స్థిరంగా 500 పెట్టేస్తారు, అలా చేయకు. మెట్లెక్కి వచ్చిన మనిషికి నిమిషానికి 150 ఉంటే ఎడం 400 మిల్లీసెకన్లే, అప్పుడు నిజమైన బీట్లే పోతాయి. పల్స్ సెన్సర్‌తో వచ్చే అసలు కోడ్‌లో ఈ ఏర్పాటు ఉంటుంది. మీ సీనియర్ కోడ్‌ను చిన్నది చేసే తొందరలో దాన్ని తీసేసినట్టున్నాడు. 550ని కూడా రాతిమీది గీతలా ఉంచకు. గత ఒకటి రెండు బీట్లలో అల ఎంత పైకి, ఎంత కిందికి వెళ్ళిందో పట్టుకుని ఆ రెండింటి మధ్యకు థ్రెషోల్డ్ జరుగుతూ ఉండాలి. ఒకసారి పైకి దాటాక, కిందికి బాగా దిగితే తప్ప మళ్ళీ లెక్కపెట్టకూడదు.

బజర్ ఎర్రర్ చిన్న సంగతి. నీ కోడ్ 2 మిల్లీసెకన్ల ఇంటరప్ట్ కోసం టైమర్ 2ని వాడుతోంది. టోన్ ఫంక్షన్‌కి కూడా అదే టైమర్ కావాలి. ఇద్దరూ ఒకే ఇంటరప్ట్‌కి సొంతదారులమని చెప్పుకుంటున్నారు, కంపైలర్ ఒప్పుకోవడం లేదు. డీసీ ఇస్తే తనంతట తానే మోగే యాక్టివ్ బజర్ కొనుక్కుని డిజిటల్‌రైట్‌తో ఆన్, ఆఫ్ చెయ్యి. అదే టైమర్ మీద నడిచే 3, 11 పిన్‌లలో పీడబ్ల్యూఎం (పల్సులతో వోల్టేజీని ఎక్కువ తక్కువ చేసే పద్ధతి) కూడా పనిచేయదు, వాటికి వేరే పని పెట్టుకోకు. ఎల్‌సీడీ రాతను ఇంటరప్ట్ లోపల పెట్టొద్దు, లూప్‌లోనే ఉంచు. రెండుచోట్లా వాడే వేరియబుల్స్ ముందు వోలటైల్ అని రాయడం మరిచిపోకు.

మళ్ళీ నానమ్మ దగ్గరికి వద్దాం. నీకు సరిపోయే అల ఆవిడకు ఎందుకు రాదు? పెద్దవాళ్ళ వేళ్ళు తరచూ చల్లగా ఉంటాయి. చల్లటి వేలిలో నాళాలు ముడుచుకుని రక్తం తక్కువ ఆడుతుంది, అల చిన్నదవుతుంది. అరచేతులు రుద్ది, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, బాగా తుడిచి చూడు. చేయి వణుకుతుంటే బల్ల మీద గుండె ఎత్తున ఆనించి పెట్టు. ఇంకొకటి, ఆవిడ వేళ్ళకు గోరింటాకు ఉందా? మన పెద్దవాళ్ళు వేలి కొసలకు టోపీలా పెట్టుకుంటారు కదా. ఎర్రగా కనబడే రంగు ఏదైనా ఆకుపచ్చ వెలుగును మింగేస్తుంది, మన సెన్సర్ నడిచేది ఆ వెలుగు మీదే. ఆషాఢంలో ఈ ప్రాజెక్టు చేసే ఆడపిల్లలకు నేను ముందే చెబుతాను, గోరింటాకు లేని వేలో, చెవి తమ్మెయో చూసుకోమని. చెవి తమ్మె చాలా మంచి చోటు, కదలిక తక్కువ. బట్టల క్లిప్పుకు స్పాంజి ముక్క అంటించి దానికి సెన్సర్ బిగించొచ్చు.

వేలు నొక్కే తీరులోనే సగం విద్య ఉంది. తేలిగ్గా ఆనిస్తే బయటి వెలుగు దూరుతుంది, వేలు జారుతుంది. గట్టిగా అదిమితే రక్తమే పక్కకు పోతుంది, అల చచ్చిపోతుంది. చూస్తుంటే అల పెద్దది కావడం లేదని మనకు తెలియకుండానే ఇంకా గట్టిగా నొక్కుతాం, అది ఇంకా చిన్నదవుతుంది. చేత్తో పట్టుకోకుండా వెల్క్రో పట్టీతో కట్టు. ప్లాటర్ చూస్తూ పట్టీని కొంచెం కొంచెం సర్దుతూ వెళ్తే ఒకచోట అల నిండుగా లేస్తుంది, అక్కడ ఆపు. వేలు తగలాల్సింది గుండె బొమ్మ ఉన్న వైపు. చిప్పులున్న వెనుక వైపు గ్లూ గన్‌తో జిగురు పోసి కప్పేయి, ముందువైపు పారదర్శకమైన టేపు ముక్క అంటించు. వేలి చెమట ఆ వైపులకు తగిలితే అల ఇష్టమొచ్చినట్టు గెంతుతుంది. నానమ్మ 48, 122లలో దీని వాటా ఎంతో కొంత ఉంటుందని నా అనుమానం.

కిటికీ ఎండ పడుతుంటే, పైన చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంటే సెన్సర్ మీద నల్లగుడ్డ కప్పు. లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడు, చాలా ఇళ్ళల్లో అల అక్కడికక్కడే నునుపెక్కుతుంది. మనిషి వేలు తగిలే పరికరం కాబట్టి అలా బ్యాటరీ మీద నడపడమే క్షేమం కూడా. ఊరూ పేరూ లేని మొబైల్ చార్జర్‌తో దీన్ని నడిపి నానమ్మ వేలు మాత్రం పెట్టించకు.

చివరగా ఒక మార్పు చెయ్యమని అడుగుతున్నాను. నీ పరికరం ఇప్పుడు ఏది వస్తే అది చూపిస్తోంది. రెండు బీట్ల మధ్య ఎడం 300 మిల్లీసెకన్ల కన్నా తక్కువో, 2000 కన్నా ఎక్కువో వస్తే, అంటే నిమిషానికి 200 దాటినా 30 లోపు పడినా, దాన్ని లెక్కలోకి తీసుకోకు. అల ఎత్తు మరీ చిన్నదైతే ‘వేలు సరిగా పెట్టండి’ అని రాయించు. వరుస ఎడాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే సగటు తీసి నున్నటి అంకె చూపించకు, ‘లెక్క కుదరలేదు, నాడి చేత్తో చూడండి’ అని చూపించు. సగటు తీస్తే అంకె బుద్ధిగా 78 అనొచ్చు, వెనక నిజంగానే లయ తప్పి ఉండొచ్చు. మీ ఇంట్లో టెన్షన్ పుట్టింది పరికరం తప్పు చెప్పినందుకు కాదు, తనకు తెలియనిది తెలిసినట్టు చెప్పినందుకు.

ఇవి సర్దాక ఇంట్లో, హాస్టల్లో ఒక పదిమందిని కూర్చోబెట్టి, ఒకరు మణికట్టు మీద నిమిషం లెక్కపెడుతుండగా అదే నిమిషంలో పరికరం చూపినది పక్కన రాసుకో. చల్లటి వేలు, గట్టిగా నొక్కిన వేలు, గోరింటాకు వేలు, ఈ మూడింటి అలల ప్రింట్లు కూడా రిపోర్టులో అంటించు. వైవాలో నిన్ను మొదట అడిగేది వాటి గురించే. నానమ్మ నాడి చేతికి ఎలా తగిలిందో మాత్రం వైవా దాకా ఆగకుండా రాయమ్మా.